రాతలో రెండు, నోట్లో ఒకటి

ప్రశ్న: నేను విజయవాడలో నర్సుగా పని చేస్తున్నాను. కెనడా వెళ్ళాలని టీఈఎఫ్ పరీక్ష కోసం ఆన్‌లైన్‌లో ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాను. క్రియారూపాలన్నీ కంఠతా వచ్చు, రాస్తే తప్పు పోదు. నోరు తెరిస్తే మాత్రం టీచర్ మధ్యలోనే ఆపేస్తారు. ‘వాళ్ళు మాట్లాడతారు’ అనే రూపాన్ని మా పుస్తకం రెండు సిలబుల్స్‌గా విడగొట్టింది, టీచరేమో ఒక్కటే పలకమంటారు. ‘పిలవడం’ అనే క్రియలో ఒకచోట ఒక ఎల్, ఇంకోచోట రెండు ఎల్‌లు ఎందుకొస్తాయో తెలియదు. ఇదంతా బట్టీ పట్టాల్సిందేనా, లేక ఏదైనా పద్ధతి ఉందా?

జవాబు:

పద్ధతి ఉందమ్మా. మీ పుస్తకం తప్పు కాదు, మీ టీచరూ తప్పు కాదు. పుస్తకం కాగితం లెక్క చెప్తోంది, టీచర్ నోటి లెక్క చెప్తున్నారు. ఫ్రెంచ్‌లో ఈ రెండు లెక్కలూ వేరు. ఆ సంగతి మొదటి రోజే చెప్పకపోవడం వల్ల మీలాంటి వాళ్ళు నెలల తరబడి కష్టపడుతున్నారు. నాకు బాధ కలిగించే విషయం అదే. ఫ్రెంచ్ పిల్లలు కూడా బడిలో ‘వాళ్ళు మాట్లాడతారు’ అనే ఆ మాటను కాగితం మీద పి-ఎ-ఆర్ ఒక ముక్క, ఎల్-ఇ-ఎన్-టి ఒక ముక్క అని విడగొడతారు. చదివేటప్పుడు మాత్రం ‘పార్ల్’ అని ఒక్క ఊపులో అనేస్తారు.

ముందు మనిద్దరం ఒక ఒప్పందానికి వద్దాం. ఫ్రెంచ్ ధ్వనుల్ని తెలుగులో రాయడానికి మన బళ్ళలో మానేసిన రెండు గుర్తులు చక్కగా పనికొస్తాయి. ఒకటి అరసున్న. పాత పద్యాల్లో ‘వాఁడు’, ‘తోఁట’ అని చూసే ఉంటారు. ఫ్రెంచ్‌లో గాలి ముక్కులోంచి పోయే అచ్చుకు ఇదే గుర్తు వాడతాను. ‘పార్లోఁ’ అని రాస్తే చివర న్ గానీ మ్ గానీ పలకకూడదు, ఓ అంటూనే ముక్కులోకి వదిలేయాలి. నిండు సున్న పెట్టి ‘పార్లోం’ అంటే అది ఫ్రెంచ్ కాదు. రెండోది ౙ. ‘జోలపాట’లో జ ఉంది చూశారా, ‘జీతం’లో జ కంటే అది వేరుగా పలుకుతుంది. ఆ జోలపాట జను నాలుక పంటికి ఆనకుండా సాగదీస్తే ఫ్రెంచ్ ౙ వస్తుంది. మామూలు జ రాస్తే అది జీతం జ, అది కూడా నాలుక పైకి తగలకుండా మెత్తగా. ఇక ‘ఏ’ అంటే నోరు కాస్త మూసి పలికేది, ‘ఎ’ అంటే కాస్త తెరిచి పలికేది. నిడివితో పని లేదు. తలకట్టు మాత్రమే ఉన్న ‘ప’, ‘ల’ లాంటివి కనిపిస్తే పొట్టిగా, నీరసంగా పలికే అ అనుకోండి. గట్టి ఆకు దీర్ఘం పెడతాను.

ఇప్పుడు మీరు బట్టీ పట్టిన ఆ ఆరు రూపాలు తీసుకోండి. నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్ళు. కాగితం మీద అయిదు రకాల స్పెల్లింగులున్నాయి. నోట్లో ఉన్నవి మూడే: పార్ల్, పార్లోఁ, పార్లే. నేను, నువ్వు, అతను, వాళ్ళు, ఈ నలుగురికీ పార్ల్ ఒక్కటే. చివర ఇ ఉన్నా, ఇ-ఎస్ ఉన్నా, ఇ-ఎన్-టి ఉన్నా నోటికి పని లేదు. క్రియ చివర ‘వాళ్ళు’ గుర్తుగా వచ్చే ఇ-ఎన్-టి ఎప్పుడూ సొంతంగా పలకదు. అదే మూడక్షరాలు నామవాచకం చివరో విశేషణం చివరో వస్తే ‘ఆఁ’ అని పలుకుతాయి. ఫ్రెంచ్ వాళ్ళు పిల్లలకు దీన్ని ఒక చిన్న వాక్యంతో నేర్పుతారు: ‘లే పుల్ దు కువాఁ కువ్’. మఠంలోని కోళ్ళు పొదుగుతున్నాయి అని అర్థం. చివరి రెండు మాటలకు కాగితం మీద అచ్చంగా ఒకే స్పెల్లింగు. మొదటిది మఠం, నామవాచకం కాబట్టి రెండు సిలబుల్స్, కు-వాఁ. రెండోది పొదగడం, క్రియ కాబట్టి ఒక్కటే, కువ్. ఈ వాక్యాన్ని ఇవాళ పదిసార్లు పైకి అనండి. ఇ-ఎన్-టి సందేహం మళ్ళీ రాదు.

మనవాళ్ళకు ఇక్కడ ఇంకో చిక్కుంది. తెలుగు అజంత భాష. బస్సు, కారు, పెన్ను అంటూ ప్రతి హల్లు చివరా ఒక అచ్చు తగిలిస్తేగాని మనకు తృప్తి ఉండదు. ‘పార్ల్’ అనమంటే ‘పార్లు’ అనో ‘పార్ల’ అనో అంటాం. అప్పుడు మనకు తెలియకుండానే రెండో సిలబుల్ పుడుతుంది. గడ్డం కింద అరచెయ్యి పెట్టుకుని అని చూడండి. గడ్డం ఒక్కసారే దిగాలి. రెండోసారి కదిలిందంటే ఎక్కడో ఒక ఉ చేరిందన్నమాట. మార్సేయ్, తులూజ్ వైపు దక్షిణాది ఫ్రెంచ్ వాళ్ళు చివరి ఇని ‘పార్-ల’ అని పలుకుతారు, పాటల్లో కూడా అది వినిపిస్తుంది. పాత ఛందస్సు పద్యంలో తర్వాతి మాట హల్లుతో మొదలైతే ఆ ఇ-ఎన్-టి ఒక సిలబుల్‌గా లెక్కకొస్తుంది కూడా. అవి విని కంగారుపడకండి. పరీక్షలో మీరు ఒక్క సిలబులే పలకండి.

ఇక విడగొట్టడం. ఫ్రెంచ్ నోటికి సిలబుల్‌ను అచ్చుతో ముగించడం ఇష్టం. రెండు అచ్చుల మధ్య ఒక హల్లుంటే అది ఎప్పుడూ తర్వాతి సిలబుల్‌కే పోతుంది: ఫి-ని-సోఁ, మేము ముగిస్తాం. రెండు హల్లులుంటే చెరొకటి పంచుకుంటాయి: పార్-లోఁ. రెండోది ర గానీ ల గానీ అయితే, దాని ముందు ప, బ, త, ద, క, గ, ఫ, వ లాంటివి ఉంటే, రెండూ కలిసే తర్వాతి సిలబుల్‌కు పోతాయి: మోఁ-త్రే, చూపించడం.

ఈ చివరి దగ్గరే మన చదువు మనకు అడ్డం వస్తుంది. ‘చక్రం’ రాతలో చ-క్రం. కానీ సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అని చిన్నప్పుడే నేర్చుకున్నాం, ఎందుకంటే మన నోరు దాన్ని ‘చక్-క్రం’ అని ఊనుతుంది. ఆ అలవాటుతోనే ఫ్రెంచ్‌లో ‘కంపించడం’ అనే క్రియను ‘విబ్-బ్రే’ అంటాం. ఫ్రెంచ్‌లో అది వి-బ్రే. ముందున్న వి లఘువుగానే ఉండిపోతుంది. సంయుక్తాక్షరం తన ముందున్న అక్షరాన్ని బరువెక్కించదు, ఇది గుర్తుంచుకుంటే మీ ఫ్రెంచ్ సగం తేలికపడుతుంది.

ద్విత్వాల సంగతీ అంతే. మనకు ‘గడి’ వేరు, ‘గడ్డి’ వేరు. కాగితం మీద రెండు ఎస్‌లు, రెండు ఎన్‌లు, రెండు పీలు కనిపించగానే నొక్కేస్తాం. ‘ఇవ్వడం’ అనే క్రియలో రెండు ఎన్‌లు రాసినా పలికేది ‘దొ-నే’, ‘దొన్నే’ కాదు. కాగితం మీద రెండు హల్లుల మధ్య గీత పెట్టి విడదీస్తారు, నోట్లో మాత్రం ఉన్నది ఒకటే హల్లు. అయితే ఒక చిన్నచోట మాత్రం మన చెవి మనకు వరమవుతుంది. ‘పరుగెత్తడం’ క్రియలో ‘అతను పరుగెత్తేవాడు’ అంటే ఇల్ కు-రె. ‘అతను పరుగెత్తేవాడే, వీలుంటే’ అనే అర్థంలో ఇల్ కుర్-రె, ఆర్‌ను నిజంగానే ఒత్తాలి. ‘చనిపోవడం’ క్రియకూ ఇదే వరస. ‘చూడటం’, ‘చేయగలగడం’ క్రియల భవిష్యత్తులో రెండు ఆర్‌లు రాస్తారు గాని ఒత్తరు.

ఇప్పుడు మీరడిగిన ఎల్‌ల విషయం. నాకు ఫ్రెంచ్ క్రియల్లో అన్నిటికంటే అందంగా కనిపించేది ఇదే. ‘నేను పిలుస్తాను’ జా-పెల్. ‘మేము పిలుస్తాం’ నూ-ౙా-ప-లోఁ, మామూలు మాటల్లో నూ-ౙా-ప్లోఁ. మొదటిదాంట్లో చివరి సిలబుల్ ‘పెల్’, హల్లుతో మూసుకుంది. ముందు ప, వెనక ల, మధ్యలో ఎ. ఇలా మూసుకున్న సిలబుల్‌లో నీరసమైన అ నిలబడలేదు, నోరు తెరిచి ‘ఎ’ అనక తప్పదు. ఆ తెరిచిన ధ్వనిని కాగితం మీద చూపించడానికే రెండో ఎల్ పెట్టారు. రెండోదాంట్లో ల వెళ్ళి ‘లోఁ’ కు అంటుకుంది, మిగిలిన ‘ప’ తెరిచి ఉంది, నీరసంగానే ఉండొచ్చు, కాబట్టి ఒక ఎల్ చాలు. ‘కొనడం’ కూడా ఇంతే, జా-షెత్, కానీ నూ-ౙాష్-తోఁ. అక్కడ రెండో టి బదులు ఇ మీద వాలుగీత పెట్టారు. ‘ఇష్టపడటం’ క్రియ ప్రే-ఫే-రే, ‘నేను ఇష్టపడతాను’ అంటే జ ప్రే-ఫెర్. రెండో ఏ తెరుచుకుని ఎ అయింది, గీత వాలు తిరిగింది. మూడు క్రియలు, మూడు రకాల గుర్తులు, కారణం ఒక్కటే: ఆ సిలబుల్ మూసుకుంది.

ఈ తేడా మీ చెవికి కొత్తేమీ కాదు. ‘మేక’, ‘మేకు’ అని వెంటవెంటనే అనండి. మేకలో ఏ కాస్త విచ్చుకుంటుంది, మేకులో బిగుసుకుంటుంది. మనకు పక్క అచ్చును బట్టి మారుతుంది, వాళ్ళకు సిలబుల్ మూతను బట్టి మారుతుంది.

దీని వెనక చరిత్ర కూడా ఉంది. లాటిన్‌లో ‘నేను’, ‘అతను’, ‘వాళ్ళు’ రూపాల్లో ఊనిక ధాతువు మీద పడేది, ‘మేము’, ‘మీరు’ రూపాల్లో చివరి ప్రత్యయం మీద పడేది. ఊనిక పడిన చోటు బలిసింది, పడని చోటు అరిగిపోయింది. అందుకే ‘వాళ్ళు వస్తారు’ వ్యెన్, ‘మేము వస్తాం’ వ-నోఁ. ‘వాళ్ళు తీసుకుంటారు’ ప్రెన్, ‘మేము తీసుకుంటాం’ ప్ర-నోఁ. మీ క్రియల పట్టికలో నేను, నువ్వు, అతను, వాళ్ళు గళ్ళ చుట్టూ ఒక గీత గీయండి. బూటులాంటి ఆకారం వస్తుంది. మార్పులు చాలావరకు ఆ బూటు లోపలే ఉంటాయి.

1990లో స్పెల్లింగు సవరణలు చేసినప్పుడు కూడా ఈ నోటి లెక్కనే ఆధారం చేసుకున్నారు. ఆ ఏడాది డిసెంబర్ 6న ఫ్రాన్స్ అధికార గెజెట్‌లో అవి వచ్చాయి. ‘నేను ఇష్టపడతాను’ అని భవిష్యత్తులో చెప్పే రూపం మీద పాతకాలం నుంచీ ‘ఏ’ ధ్వని గుర్తు రాస్తున్నారు, నోటితో ‘ఎ’ అంటున్నారు. సవరణ వచ్చాక నోటితో అన్నట్టే రాయొచ్చు. ఎల్, టి రెట్టింపయ్యే క్రియలన్నిటికీ వాలుగీత చాలన్నారు, ‘పిలవడం’, ‘విసరడం’ కుటుంబాలకు తప్ప. అందుకే పాత పుస్తకంలో ఒకలా, కొత్త పుస్తకంలో ఒకలా కనిపిస్తుంది. రెండూ ఒప్పే.

భవిష్యత్తు రూపాల్లో మధ్యనున్న ఇ మరో పెద్ద తికమక. ‘మేము పాడతాం’ రాతలో మూడు సిలబుల్స్, నోట్లో రెండు: షాఁ-త్రోఁ. మరి ‘మేము మాట్లాడతాం’ మూడూ పలకాలి: పార్-ల-రోఁ. ఎందుకు? ఇకి ముందు పలికే హల్లు ఒక్కటే ఉంటే ఇ జారిపోతుంది. రెండుంటే నిలుస్తుంది, లేకపోతే మూడు హల్లులు ఒకదాని మీద ఒకటి పడి నాలుక తిరగదు. మోరిస్ గ్రామోన్ అనే ఫ్రెంచ్ భాషావేత్త దీనికి మూడు హల్లుల నియమం అని పేరు పెట్టాడు. నియమం అంటే ఉరితాడు కాదు, మనుషుల్ని బట్టి, వేగాన్ని బట్టి సడలుతుంది. కానీ మొదట్లో దీన్ని పట్టుకుని నడవండి. ‘మేము పాడేవాళ్ళమే’ అనే షరతు రూపం చూడండి: షాఁ-త-ర్యోఁ. చివర ర తో పాటు య కూడా చేరేసరికి జారిపోయిన ఇ తిరిగొచ్చింది. ‘మాకు కావాలనుంది’ అనే మర్యాద రూపం, మీరు పరీక్షలో తప్పక వాడేది, వు-ద్రి-యోఁ, మూడు సిలబుల్స్. ద్ర తర్వాత య నేరుగా అంటుకోలేదు, మధ్యలో ‘ద్రి’లోని ఇ ధ్వని కావాలి. మనవాళ్ళు దీన్ని ‘వుద్-ర్యోఁ’ అని రెండులో కుదించేస్తారు.

రూపం చూసి మోసపోయే క్రియ ఒకటుంది. ‘మేము చేస్తాం’ స్పెల్లింగు చూస్తే ‘ఫె-ౙోఁ’ అనిపిస్తుంది. పలికేది ఫ-ౙోఁ. దీన్ని మాత్రం బట్టీ పట్టండి, వేరే దారి లేదు.

ఇప్పటిదాకా ఒక్కో మాటనే విడిగా చూశాం. వాక్యంలో మాటలు ఒకదానిలోకి ఒకటి ఒరుగుతాయి, సిలబుల్ గీత మాటల మధ్య కాకుండా మాట మధ్యలో పడుతుంది. ‘అతను ప్రేమిస్తాడు’ ఇ-లెమ్. ‘వాళ్ళు ప్రేమిస్తారు’ ఇల్-ౙెమ్. క్రియ చివర రెండూ ఒకటే. ఒకరా పదిమందా అన్నది ఆ ఒక్క ౙ తేలుస్తుంది. ప్రశ్నగా తిరగేస్తే ఇంకా తమాషా, ‘అతను ప్రేమిస్తాడా’ అన్నా ‘వాళ్ళు ప్రేమిస్తారా’ అన్నా ఎమ్-తిల్ ఒకటే. మొదటిదాంట్లో త అతికించింది, రెండోదాంట్లో అంతసేపూ నిద్రపోయిన ఇ-ఎన్-టి లోని టి లేచి కూర్చుంది.

ఈ ౙ విలువ నాకు ఒక విద్యార్థి దగ్గర తెలిసింది. మాదిరి ఇంటర్వ్యూలో తన అక్కాబావల గురించి చెప్తూ ‘వాళ్ళకు ఇద్దరు పిల్లలున్నారు’ అనాలనుకున్నాడు. అది ఇల్-ౙోఁ. అతని నోట ఇల్-సోఁ అని వచ్చింది. అంటే ‘వాళ్ళు ఇద్దరు పిల్లలు’. వ్యాకరణం పూర్తిగా తెలుసు, రాయమంటే తప్పు లేకుండా రాశాడు. స, ౙ రెండూ అతని చెవికి ఒకటే. ఆ వారం పాఠాలన్నీ పక్కనపెట్టి ఇద్దరం ఇల్-ౙోఁ, ఇల్-సోఁ అని గొంతు మీద వేళ్ళు పెట్టుకుని పలికాం. ౙకు గొంతు వణుకుతుంది, సకు వణకదు. మూడో రోజుకు పట్టుబడింది. మీరు ఆసుపత్రిలో రోగుల గురించి చెప్పాల్సిన మనిషి కాబట్టి ‘వాళ్ళకు ఉంది’, ‘వాళ్ళు’ అనే ఈ రెండింటి తేడా మీకు ఇంకా ముఖ్యం.

‘వాళ్ళు’ అని తెలిపే ఇంకో గుర్తు క్రియ చివర నిద్ర లేచే హల్లు. ‘అతను ముగిస్తాడు’ ఫి-ని, ‘వాళ్ళు’ ఫి-నిస్. ‘అతను అమ్ముతాడు’ వాఁ, ‘వాళ్ళు’ వాఁద్. ‘అతను వస్తాడు’ వ్యెఁ, ‘వాళ్ళు’ వ్యెన్. బహువచనంలో ఆ చివరి హల్లు స్పష్టంగా వినిపించాలి. మింగేస్తే మీరు ఒక్కరి గురించే చెప్తున్నారనుకుంటారు. వాఁద్ లో ద మన ద నే, ఇంగ్లీషు డ కాదు. త కూడా అంతే. ఫ్రెంచ్ త, ద నాలుక పళ్ళకు ఆనించి పలికేవి, ప, త, క లు ఒత్తు లేనివి. ఇంగ్లీషులోంచి ఫ్రెంచ్‌లోకి వెళ్ళకండి, తెలుగులోంచి వెళ్ళండి. ఈ అక్షరాలు మీకు పుట్టుకతో వచ్చాయి.

వినేటప్పుడు ఇంకోటి ఎదురవుతుంది. ‘నాకు తెలుసు’ జ సె అని నేర్చుకుని ఉంటారు. వేగంగా మాట్లాడేవాళ్ళు జ లోని అ మింగేసి, జ ను స పక్కన బిగించి ‘షె’ అనేస్తారు. మీరు అలా మాట్లాడనక్కర్లేదు, విన్నప్పుడు గుర్తుపడితే చాలు.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఒక క్రియ తీసుకోండి, పట్టిక మూసేయండి. ఆరు రూపాల్నీ సర్వనామంతో కలిపి పైకి అంటూ, పద్యానికి గణాలు విభజించినట్టు ఒక్కో సిలబుల్‌కు ఒక్కో వేలు మడవండి. ఎన్ని వేళ్ళు మడిచారో రాసుకోండి. ఆ తర్వాతే పట్టిక తెరిచి స్పెల్లింగు చూడండి. ముందు చెవి, తర్వాత కన్ను, ఈ వరస మార్చొద్దు. మొదటి వారం ‘మాట్లాడటం’, ‘ముగించడం’, ‘అమ్మడం’. రెండో వారం ‘పిలవడం’, ‘కొనడం’, ‘ఇష్టపడటం’. ఫోన్‌లో రికార్డు చేసుకుని మర్నాడు వినండి. వెంటనే వింటే మీ తప్పు మీకు దొరకదు.

రెండు వారాలయ్యాక ఇల్-ౙోఁ, ఇల్-సోఁ చెరో పదిసార్లు కలగలిపి రికార్డు చేసి మీ టీచర్‌కు పంపండి. ఏది ఏదో ఆవిడ విని రాయాలి, మీరు చెప్పకూడదు. ఇరవైలో ఎన్ని కలిశాయో నాకు రాయండి. తప్పినవి ఎక్కడ తప్పాయో చూసి తర్వాతి అడుగు చెప్తాను.